కనిపించినవి

మూలపాడు బేస్ క్యాంపు రిజిస్టరులో
నాలుగు గడులు:
తేదీ, టైము, చోటు, కనిపించినవి.
పెన్సిలుకి పురికొస కట్టి ఉంటుంది.
వాచర్లని నమ్మినంతగా
పెన్సిల్ని నమ్మరు దేవసహాయం గారు.

నాలుగో గడిలో నేను రాసేవి:
అడవిపందులు, ఆరు.
నెమళ్ళు, లెక్క తెగలేదు.
నక్క, కూత మాత్రమే.
క్వారీ లారీ, ఒకటి, కంచెకి ఇవతల
(దాన్ని కొట్టేయమన్నారు, జంతువు కాదట).

అలుగు అని మాత్రం
ఈ పుస్తకంలో ఎవరూ రాయలేదు.

మన భాషకి ఆ మాటంటే ఎంత ముద్దో.
చెరువు నిండి పొర్లితే అలుగు పారిందంటాం.
మా ఆవిడ రెండ్రోజులు పలక్కపోతే అలిగిందంటాం.
ఒంటినిండా పొలుసులు కప్పుకుని
చెదలపుట్టని ముక్కుతో వెతుక్కునే,
నోట్లో ఒక్క పన్నైనా లేని
ఆ పిచ్చిదానికీ అదే పేరు.
నిండినా అదే. నొచ్చినా అదే.

ఇప్పుడు చెప్పాలి.
ఈ ఖాకీ చొక్కా తొడుక్కోక ముందు
నేనూ మరీదూ
ఒకదాన్ని పట్టాం.

పట్టాం అనడం కూడా ఎక్కువే.
టార్చి వేశాం, అది ఆగింది.
తలని పొట్టలోకి, పొట్టని తోకలోకి మడుచుకుని
బోర్లించిన బిందెలా ముద్దయింది.
చిరుతైతే కాసేపు దొర్లించి
పళ్ళు నొప్పెట్టి వెళ్ళిపోతుంది.
దాని తాతలనాటి నుంచీ ఉన్నది ఆ ఒక్క ఉపాయమే.
మా దగ్గర గోనెసంచి ఉంది.
చిరుతని ఓడించే ఉపాయం
సంచికి ఎంత వీలుగా కుదిరిందో.

మరీదు స్కూటరు నడిపాడు.
వెనక నా ఒళ్ళో సంచి,
నా వెనక థర్మల్ గొట్టాల ఎర్ర దీపాలు.
గొల్లపూడి దగ్గర ముద్ద కొంచెం వదులై
గోనెలోంచి నా తొడకి
ఊపిరి తగిలింది.
ఒకటి కాదు.
పెద్దదొకటి, నెమ్మదిగా.
దాని లోపల చిన్నదొకటి, తొందరగా.

మరీదుకి చెప్పలేదు.
బెజవాడ బస్టాండు వెనక సందులో
ఒకాయన కాటా తెచ్చాడు.
విప్పి చూసి, పిల్లకి వేరే రేటు లేదన్నాడు.
కొసరు, అన్నాడు.

కొసరు అంటే కొత్తిమీర కట్ట.
కొసరు అంటే నాలుగు పచ్చిమిరపకాయలు.
ఏడాదికి ఒక్క పిల్లే కంటుందని
చాలా ఏళ్ళకి, ట్రైనింగులో,
గోడ మీద బొమ్మేసి చెప్పారు.
అందరికీ టీ ఇచ్చారు. నేను తాగలేదు.

నా వంతు డబ్బుతో ఇంటికి రేకులు వేశాను.
వాన పడినప్పుడల్లా
ఎవరో కప్పు మీద మడుచుకుంటున్న చప్పుడు.

మొన్న కెమెరా కార్డు తీశాం.
మూడొందల పన్నెండు బొమ్మలు.
ఆకులు, ఆకులు, నా మోకాళ్ళు,
ఎవరిదో మేక, మళ్ళీ ఆకులు.
తెల్లపొణికి చెట్టు మొదట్లో, రాత్రి రెండుం బావుకి,
గడి దాటిపోతూ
ఒక తోక.
తోక కూడా కాదు, కొస.

"ఉడుము" అన్నారు దేవసహాయం గారు,
ఆవులిస్తూ. "ఉడుమని రాసెయ్."

ఉడుమని రాస్తే
ఆ గట్టు అవతల బ్లాస్టింగు కాయితం
ఈ నెల్లోనే కదులుతుంది.
అలుగని రాస్తే ఆగొచ్చు. ఆగకపోనూ వచ్చు.
చోటు గడి కూడా నింపాలి మరి.
నిన్న సెంటర్లో మరీదు కనిపించి
టీ ఇప్పించి అడిగాడు,
"లోపలేమన్నా తిరుగుతున్నాయా?"
ఏం లేవురా, అన్నాను. అడవి ఖాళీ, అన్నాను.
నా జన్మలో అంత చక్కని అబద్ధం ఆడలేదు.

పురికొస చాలక
రిజిస్టరునే దగ్గరికి లాక్కున్నాను.
చోటు గడిలో గీత కొట్టి
ఆయన చెవిలో చెబుదామనుకున్నాను.
నాలుగో గడిలో
అ రాశాను. లు రాశాను.

"రెండొందల జాతుల పుస్తకం చదివినోణ్ణి,
నాకే తెలీలేదు. నీకెలా తెలుసోయ్?"
అన్నారు దేవసహాయం గారు.

గు పూర్తి చేసి
పెన్సిలు కింద పెట్టాను.

బరువు తెలుసండీ, అన్నాను.